వర్చువలైజేషన్ నిర్వహణ సర్వర్ అప్‌గ్రేడ్

నందికొట్కూరు పక్క పొలం కాగితాల కోసమో, ఆదాయ ధ్రువపత్రం కోసమో కౌంటర్ల చుట్టూ తిరిగేవాళ్లకు బాగా అలవాటైన మాట ‘సర్వర్ డౌన్ ఉంది, రేపు రాప్పా’. ఆ సర్వర్ ఎక్కడుందో చెప్పేవాళ్లకూ తెలియదు, వినేవాళ్లకూ తెలియదు. ఊళ్లో ఉండేది ఒక కంప్యూటరు, ప్రింటరు, వేలిముద్రల పరికరం. అసలు పని ఎక్కడో దూరాన డేటా సెంటర్‌లో జరుగుతుంది. అక్కడ కూడా పనికొక పెట్టె ఉండదు. ఒకే సర్వర్ మీద పదుల కొద్దీ వర్చువల్ మెషిన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన కంప్యూటర్లు, పక్కపక్కనే నడుస్తుంటాయి. ఇలాంటి సర్వర్లన్నిటినీ ఒక చోట కూర్చుని చూసుకోవడానికి వాడేదే వర్చువలైజేషన్ నిర్వహణ సర్వర్. దాని పాత వెర్షన్ తీసి కొత్త వెర్షన్ పెట్టే పని పైకి చిన్నదిగా కనిపిస్తుంది. జాగ్రత్తగా చేస్తే పౌరులెవరికీ తెలియకుండా ముగుస్తుంది. తొందరపడితే మాత్రం ఒక రాత్రి పని వారం రోజుల తలనొప్పి అవుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ ‘కార్డ్’ పేరుతో 1998 నవంబరు 4న మొదలైంది. తొలి విడతలో 214 సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాలకు యంత్రాలు వచ్చాయి. అప్పటి పద్ధతిలో ఏ ఆఫీసు సర్వర్ ఆ ఆఫీసులోనే ఉండేది. అది మొరాయిస్తే ఆ ఒక్క ఊరి పని ఆగేది, పక్క ఊళ్లో దస్తావేజులు యథావిధిగా నడిచేవి. తర్వాతి కాలంలో డేటా ఒక చోటికి చేరింది. 2011 నవంబరులో మీసేవ వచ్చాక చాలా సేవలు కేంద్రీకృత సర్వర్ల మీదికి మళ్లాయి. కేంద్ర ప్రభుత్వం 2014 ఫిబ్రవరిలో ‘మేఘరాజ్’ పేరుతో సొంత క్లౌడ్ ప్రారంభించింది. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌కు ఢిల్లీ, పుణె, భువనేశ్వర్‌లతో పాటు హైదరాబాద్‌లోనూ జాతీయ డేటా సెంటర్ ఉంది. ఈ మార్పుతో ఖర్చు తగ్గింది, భద్రత పెరిగింది. కాని ఒక చోట చేసిన పొరపాటు వందల ఊళ్లలో ఒకేసారి కనిపించే రోజులు కూడా వచ్చాయి. నిర్వహణ సర్వర్ అప్‌గ్రేడ్‌ను ఇంత పట్టింపుగా చూడాల్సింది ఇందుకే.

ఒకే యంత్రాన్ని పలు యంత్రాలుగా చూపించే ఆలోచన కొత్తది కాదు. 1960ల నడుమ ఐబీఎం కేంబ్రిడ్జ్ కేంద్రంలో సీపీ-40 అనే ప్రయోగం జరిగింది. 1972లో వీఎం/370 మార్కెట్‌లోకి వచ్చింది. మామూలు ఇంటెల్ ప్రాసెసర్ల మీద ఇది సాధ్యమని చూపించినవారు 1998లో కాలిఫోర్నియాలో వీఎంవేర్‌ను స్థాపించిన డయాన్ గ్రీన్, మెండెల్ రోజెన్‌బ్లమ్, వారి సహచరులు. 2001లో వర్చువల్ మెషిన్లను నేరుగా మోసే ఈఎస్ఎక్స్ సర్వర్ వచ్చింది. ఒక్కో యంత్రాన్ని విడివిడిగా చూసుకునే బాధ తప్పించడానికి 2003లో వర్చువల్ సెంటర్ అనే నిర్వహణ సాఫ్ట్‌వేర్ తెచ్చారు. నడుస్తున్న మెషిన్‌ను ఆపకుండా ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు మార్చే వీమోషన్ కూడా ఆ ఏడాదిదే. 2009లో వర్చువల్ సెంటర్ పేరు వీసెంటర్ సర్వర్ అయింది. ఈ రంగంలో ఎక్కువగా వాడుకలో ఉన్నదీ, అప్‌గ్రేడ్ కష్టాలు ఎక్కువగా నమోదైనదీ అదే కాబట్టి ఈ వ్యాసంలో ఉదాహరణలు చాలావరకు దానివే.

మొదట తెలుసుకోవాల్సింది నిర్వహణ సర్వర్ ఏం చేయదో. వర్చువల్ మెషిన్లను మోసేది అది కాదు. వాటిని మోసేవి హోస్టులు, అంటే ఈఎస్ఎక్స్ తర్వాతి రూపమైన ఈఎస్ఎక్స్ఐ నడిచే భౌతిక సర్వర్లు. కేసీ కాలువ మీద తూము ఎత్తిన లస్కరు ఊరెళ్లినా పారే నీళ్లు పారుతూనే ఉంటాయి. తూము ఎక్కువ తక్కువ చేయాలంటేనే ఆయన రావాలి. అలాగే వీసెంటర్ ఆగిపోయినా నడుస్తున్న మెషిన్లు నడుస్తూనే ఉంటాయి. ఒక హోస్టు చచ్చిపోతే దాని మీది మెషిన్లను వేరే హోస్టు మీద లేపే హెచ్ఏ సౌకర్యం కూడా పనిచేస్తుంది, ఎందుకంటే ఆ బాధ్యత హోస్టుల్లో ఉండే ఏజెంట్లది. ఆగిపోయేవి వీమోషన్, భారాన్ని పంచే డీఆర్ఎస్, టెంప్లేట్ల నుంచి కొత్త మెషిన్ల తయారీ, పలు హోస్టులకు ఒకే నెట్‌వర్క్ అమరిక ఇచ్చే డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్‌లో మార్పులు. వీటితో పాటు చాలామంది మరిచిపోయేది బ్యాకప్. చాలా బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు వీసెంటర్‌ను అడిగే పని మొదలుపెడతాయి. అప్‌గ్రేడ్ రాత్రే బ్యాకప్ షెడ్యూలు కూడా ఉంటే రెండూ చెడతాయి.

ఇంత శ్రమ పడి కొత్త వెర్షన్‌కు ఎందుకు మారాలి? నడుస్తున్నదాన్ని కదిలించకూడదన్న జాగ్రత్త మంచిదే, కాని ఈ విషయంలో అది ఎక్కువ కాలం నిలవదు. ప్రతి వెర్షన్‌కూ మద్దతు గడువు ఉంటుంది. వీసెంటర్, ఈఎస్ఎక్స్ఐ కలిసి వచ్చే వీస్పియర్ 6.5, 6.7 లకు సాధారణ మద్దతు 2022 అక్టోబరు 15న ముగిసింది. 7కు 2025 అక్టోబరు 2తో అయిపోయింది. గడువు దాటాక బయటపడే లోపాలకు ప్యాచ్ వస్తుందన్న హామీ ఉండదు. లోపాలు మాత్రం ఆగవు. 2021 సెప్టెంబరులో సీవీఈ-2021-22005 అనే లోపం బయటపడింది. పాస్‌వర్డ్ లేకుండానే 443 పోర్టు ద్వారా వీసెంటర్‌లోకి ఫైలు ఎక్కించి దాన్ని ఆక్రమించే వీలు ఇచ్చేది అది. తీవ్రత 10కి 9.8. 2023 అక్టోబరులో వచ్చిన సీవీఈ-2023-34048 కూడా 9.8 తీవ్రత కలదే. గడువు తీరిన పాత వెర్షన్లకు సైతం వీఎంవేర్ దానికి ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. చైనాతో సంబంధమున్నదిగా భావించే ఒక గూఢచార ముఠా 2021 చివరి నుంచే దాన్ని వాడుకుంటోందని మాండియంట్ సంస్థ తర్వాత తేల్చింది. ఒక ఇంటికి తాళం పోతే ఆ ఇల్లే పోతుంది. వీసెంటర్ చిక్కితే దాని కింద ఉన్న ప్రతి మెషినూ చిక్కినట్టే.

2023 ఫిబ్రవరి మొదటి వారంలో ‘ఈఎస్ఎక్స్ఐ ఆర్గ్స్’ అనే రాన్సమ్‌వేర్ ప్రపంచవ్యాప్తంగా వేల హోస్టులను బంధించింది. అది వాడుకున్నదిగా చెప్పిన లోపానికి ప్యాచ్ 2021 ఫిబ్రవరిలోనే వచ్చింది. అంటే రెండేళ్ల పాటు మందు బీరువాలోనే ఉంది. తెలుగు నేలకు కూడా ఈ బెడద దూరం కాదు. 2019 ఏప్రిల్ నెలాఖరులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ బారిన పడ్డాయి. నందికొట్కూరుకు కరెంటు ఇచ్చే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కూడా వాటిలో ఉంది. అది వర్చువలైజేషన్ లోపం వల్ల జరిగిందని ఎక్కడా తేలలేదు. కాని రాన్సమ్‌వేర్ మన ఊరి సేవల దాకా రాగలదని ఆ ఘటన చూపింది.

మరో రకం గడువు కూడా ఉంది. పాత వీస్పియర్ వెబ్ క్లయింట్ అడోబీ ఫ్లాష్ మీద నడిచేది. ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో మద్దతు ఆగింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్ తనంతట తానే తెరమీద ఏదైనా చూపించడం మానేసింది. సర్వర్ బాగానే ఉంది, మెషిన్లు బాగానే ఉన్నాయి, కాని నిర్వాహకుడి తెర మీద ఏమీ రాదు. 6.7 అప్‌డేట్ 1తో పూర్తి స్థాయి హెచ్‌టీఎంఎల్5 క్లయింట్ 2018లోనే వచ్చింది కాబట్టి అప్పటికే మారినవాళ్లకు ఈ బాధ లేదు.

ఇక అసలు పని. ఇందులో అన్నిటికన్నా ముఖ్యం వరుస. ముందు నిర్వహణ సర్వర్, ఆ తర్వాత హోస్టులు, ఆ తర్వాత ఒక్కో మెషిన్‌లో ఉండే వీఎంవేర్ టూల్స్, చివరికి వర్చువల్ హార్డ్‌వేర్ వెర్షన్. కొత్త వీసెంటర్ పాత హోస్టులను కొంతవరకు నిర్వహించగలదు. పాత వీసెంటర్‌కు తనకన్నా కొత్త వెర్షన్ హోస్టు కొరుకుడు పడదు. వీసెంటర్ 8 తన కింద 6.7, 7, 8 హోస్టులను ఉంచుకుంటుంది, 6.5 ను ఉంచుకోదు. వీసెంటర్‌కు కూడా ఎన్ని మెట్లైనా ఒకేసారి ఎక్కే వీలు లేదు. 6.7 నుంచి 8కి నేరుగా రావచ్చు, 6.5 నుంచి రాలేదు, నడుమ 7 దగ్గర ఆగాలి. అలా ఆగినప్పుడు హోస్టులను కూడా పైకి లాక్కోవాలి. వీటితో ముడిపడిన బ్యాకప్, నెట్‌వర్క్, వర్చువల్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లు కొత్త వీసెంటర్‌ను గుర్తిస్తాయో లేదో ముందే పొందిక పట్టికలో చూసుకోవాలి. గుర్తించనివాటిని ముందు అప్‌గ్రేడ్ చేయాలి.

ఈ వరుసలో ఎక్కువమంది తట్టుకుని పడే చోటు హార్డ్‌వేర్. ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో 2010 కాలపు జియాన్ 5600 తరగతి ప్రాసెసర్ల సర్వర్లు మూడు ఉన్నాయనుకుందాం. వాటి మీద ఈఎస్ఎక్స్ఐ 6.7 హాయిగా నడుస్తుంది. 7 ఆ ప్రాసెసర్లకు మద్దతు తీసేసింది. పాత లినక్స్ తరహా డ్రైవర్లను కూడా 7 పూర్తిగా వదిలేసింది కాబట్టి కొన్ని పాత నెట్‌వర్క్ కార్డులు, డిస్కు కంట్రోలర్లు ఆ వెర్షన్‌లో అసలు కనిపించవు. కాలేజీ వీసెంటర్‌ను 8కి తీసుకెళ్లగలదు. హోస్టులు మాత్రం మద్దతు లేని 6.7 దగ్గరే ఆగిపోతాయి. సాఫ్ట్‌వేర్ మార్పు అనుకున్నది కొత్త సర్వర్ల కొనుగోలు ఫైలుగా మారేది ఇక్కడే. ఈ లెక్క అప్‌గ్రేడ్ తేదీ పెట్టుకునే ముందు తేలాలి.

వీసెంటర్ ఒకప్పుడు విండోస్ మీద ఇన్‌స్టాల్ చేసుకునే ప్రోగ్రామ్. 2011లో 5.0 తో పాటు అప్లయెన్స్ రూపం వచ్చింది, అంటే లినక్స్‌తో సహా తయారుగా ఇచ్చే ఒక వర్చువల్ మెషిన్. 2016 నవంబరులో వచ్చిన 6.5 నుంచి అది వీఎంవేర్ సొంత ఫోటాన్ లినక్స్ మీద నడుస్తోంది. 2020లో వచ్చిన 7తో విండోస్ రూపం పోయింది. అందువల్ల ఈనాటి పెద్ద అప్‌గ్రేడ్ అంటే ఉన్నదాని మీద కొత్తది పూయడం కాదు. పక్కన కొత్త మెషిన్ లేపి, పాతదాని సమాచారాన్ని అందులోకి తరలించి, పాతదాన్ని ఆపేయడం.

ఇది రెండు దశల్లో జరుగుతుంది. నిర్వాహకుడు తన కంప్యూటరులో ఇన్‌స్టాలర్ తెరిచి పాత వీసెంటర్ వివరాలు, కొత్తది ఏ హోస్టు మీద కూర్చోవాలో ఇస్తాడు. మొదటి దశలో కొత్త అప్లయెన్స్ ఒక తాత్కాలిక ఐపీ చిరునామాతో లేస్తుంది. ఇక్కడ ఒక చిక్కు చాలామందిని ఆపేస్తుంది. నేరుగా హోస్టు మీద పెట్టేటప్పుడు నెట్‌వర్క్ జాబితాలో మామూలు స్విచ్ పోర్ట్ గ్రూపులు, డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్‌లోని ‘ఎఫెమెరల్’ రకం పోర్ట్ గ్రూపులు మాత్రమే కనిపిస్తాయి. అన్నీ స్టాటిక్ రకంలో పెట్టుకున్న చోట ఆ జాబితా ఖాళీగా ఉంటుంది. ముందురోజే ఒక ఎఫెమెరల్ పోర్ట్ గ్రూపు చేసి పెట్టుకుంటే సరిపోతుంది. పాత వీసెంటర్ అప్‌గ్రేడ్ నడుమ వేరే హోస్టుకు జరగకుండా డీఆర్ఎస్‌ను ఆటోమేటిక్ నుంచి తప్పించడం కూడా ముందురోజు పనే.

రెండో దశ మొదలవగానే ముందస్తు పరీక్షలు జరుగుతాయి. అందులో వచ్చే హెచ్చరికలను చదవకుండా ‘నెక్స్ట్’ నొక్కేవాళ్లే తర్వాత ఎక్కువగా బాధపడతారు. తర్వాత ఏం తరలించాలో అడుగుతుంది. కాన్ఫిగరేషన్, ఇన్వెంటరీ మాత్రమేనా, పాత పనుల చరిత్ర కూడానా, పనితీరు గణాంకాలు కూడానా? గణాంకాలు కలిస్తే తరలించాల్సిన డేటా పెరిగి సమయం బాగా సాగుతుంది. ఆడిట్‌కు అవసరం లేకపోతే వాటిని వదిలేయడమే మేలు. తరలింపు అయ్యాక పాతది ఆగిపోతుంది. కొత్తది తాత్కాలిక ఐపీ వదిలి పాతదాని పేరు, ఐపీ తీసుకుంటుంది. సేవలు ఒక్కొక్కటిగా లేస్తాయి. డేటాబేసు ఎంత పెద్దదో అంతసేపు పడుతుంది. అంతవరకు తెర ముందు కూర్చోవాల్సిందే.

విఫలమైన అప్‌గ్రేడ్ల కారణాలు వెతికితే పెద్ద సాంకేతిక రహస్యాలేమీ దొరకవు. పేరు, కాలం, పాస్‌వర్డ్, ధ్రువపత్రం అనే నాలుగే మళ్లీమళ్లీ కనిపిస్తాయి. వీసెంటర్‌కు పెట్టిన పూర్తి డొమైన్ పేరే దాని ఉనికి. దాని అంతర్గత ధ్రువపత్రాలన్నీ ఆ పేరు మీదే తయారవుతాయి. డీఎన్ఎస్‌లో పేరు నుంచి ఐపీ, ఐపీ నుంచి పేరు రెండు వైపులా సరిగ్గా రావాలి. చిన్న సంస్థల్లో మొదటిది ఉంటుంది, రెండోది ఎవరూ పెట్టరు. పేరులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు కలిసి ఉండటం కూడా కొన్ని చోట్ల అడ్డం పడింది. 2019లో 6.7 అప్‌డేట్ 3 వచ్చేదాకా ఒకసారి పెట్టిన పేరు మార్చే వీలే లేదు. గడియారాల సంగతీ అంతే. వీసెంటర్‌కూ హోస్టులకూ మధ్య కాలం తేడా ఉంటే లాగిన్ టోకెన్లు చెల్లవు. అన్నిటినీ ఒకే ఎన్‌టీపీ సర్వర్‌కు కట్టాలి. అప్లయెన్స్ రూట్ పాస్‌వర్డ్‌కు సహజంగా 90 రోజుల గడువు ఉంటుంది. ఏడాదికోసారి కూడా అందులోకి వెళ్లని చోట అది ఎప్పుడో తీరిపోయి ఉంటుంది, ఆ విషయం అప్‌గ్రేడ్ రాత్రే తెలుస్తుంది.

ధ్రువపత్రాల్లో ప్రమాదకరమైనది ఎస్‌టీఎస్ సంతక పత్రం. సింగిల్ సైన్ ఆన్ టోకెన్ల మీద సంతకం పెట్టేది ఇదే. 6.5 అప్‌డేట్ 2 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన వీసెంటర్లలో దీనికి రెండేళ్ల గడువే ఉండేది. గడువు దగ్గర పడుతోందని చెప్పే హెచ్చరిక ఉండేది కాదు. ఆ రోజు రాగానే సరైన పాస్‌వర్డ్ కొట్టినా లాగిన్ అయ్యేది కాదు, సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తే సేవలు లేచేవి కావు. ప్రపంచమంతటా ఈ దెబ్బ తిన్నాక గడువు చూసే స్క్రిప్టు ఒకటి, పత్రాన్ని మార్చే స్క్రిప్టు ఒకటి వీఎంవేర్ విడుదల చేసింది. అప్‌గ్రేడ్‌కు వారం ముందు మొదటిదాన్ని నడపడం రెండు నిమిషాల పని. పనుల పట్టికలో ఒక్క గీతే రాసే చోటుంటే అది రాయాలి.

ఇక వెనక్కి వచ్చే దారి. ఈ పద్ధతిలో ఉన్న పెద్ద సుగుణం పాత అప్లయెన్స్ చెక్కుచెదరకుండా ఆగి ఉండటం. కొత్తది చెడితే దాన్ని ఆపి పాతదాన్ని లేపితే చాలు. రెండింటినీ ఒకేసారి నడపకూడదు, రెండింటికీ ఒకే చిరునామా. అయినా ముందు 5480 పోర్టులోని నిర్వహణ పేజీ నుంచి ఫైలు బ్యాకప్ తీసి వేరే యంత్రంలో దాచాలి. అదే వీసెంటర్ కింద ఉన్న మెషిన్లలో దాచిన బ్యాకప్ అక్కరకు రాదు. వీసెంటర్లు రెండు మూడు లింక్డ్ మోడ్‌లో కలిసి ఉంటే అన్నిటినీ ఒకేసారి ఆపి స్నాప్‌షాట్ తీయాలి. ఒక్కదాన్నే పాత స్నాప్‌షాట్‌కు వెనక్కి తెస్తే మిగతావాటి లెక్క, దాని లెక్క కలవవు. అక్కడి నుంచి బయటపడటం కష్టం.

ఆలస్యం ఎంత తప్పో మొదటి రోజే దూకడం కూడా అంత తప్పే. 2021 అక్టోబరులో వచ్చిన 7.0 అప్‌డేట్ 3 ఇందుకు సాక్ష్యం. ఇంటెల్ నెట్‌వర్క్ కార్డుల డ్రైవర్ పేరు మారడం వల్ల కొన్ని హోస్టుల్లో అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోయింది. మరికొన్ని సందర్భాల్లో హోస్టులు ఊదారంగు తెరతో కూలిపోయాయి. నవంబరులో వీఎంవేర్ ఆ విడుదలలను డౌన్‌లోడ్ పేజీ నుంచే తీసేసింది. 2022 జనవరి 27న సవరించిన అప్‌డేట్ 3సీ వచ్చింది. పెద్ద సంఖ్య మారే విడుదలను కొన్ని నెలలు ఆగి, ఇతరుల అనుభవం చూసి తీసుకోవడం, భద్రతా ప్యాచ్‌ను మాత్రం రోజుల్లోనే వేయడం అనుభవజ్ఞుల పద్ధతి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే చాలా సంస్థలు ఏదీ చేయకుండా ఉండిపోతున్నాయి.

నిర్వహణ ఆగే సమయాన్ని తగ్గించే ప్రయత్నాలు ఈమధ్య ఫలించాయి. 2023లో 8.0 అప్‌డేట్ 2తో వచ్చిన ‘రెడ్యూస్డ్ డౌన్‌టైమ్’ పద్ధతిలో పాతది పనిచేస్తుండగానే కొత్తది సిద్ధమై డేటా అందుకుంటుంది. చివర్లో బాధ్యత మారే కొద్ది నిమిషాలే విరామం.

వీఎంవేర్‌వి కాని ఇతర వర్చువలైజేషన్ వేదికల్లో నియమాలు కొంత వేరు. జెన్‌సర్వర్ పూల్‌లో ముందు మాస్టర్ హోస్టు, తర్వాత సభ్యులు. ఓవర్ట్‌లో నిర్వహణ సర్వర్ అయిన ఇంజిన్ తాను నిర్వహించే హోస్టుల మీదే నడుస్తుంటే ముందు ‘గ్లోబల్ మెయింటెనెన్స్’ పెట్టాలి, లేకపోతే అప్‌గ్రేడ్ నడుమ హోస్టులు ఇంజిన్ చచ్చిందనుకుని దాన్ని మళ్లీ లేపుతాయి. ఆస్ట్రియాలో పుట్టిన ప్రాక్స్‌మాక్స్‌లో విడిగా నిర్వహణ సర్వర్ తప్పనిసరి కాదు, ప్రతి నోడూ ఆ పని చేయగలదు. డెబియన్ లినక్స్ అప్‌గ్రేడ్ లాగే ఒక్కో నోడ్ ఖాళీ చేసి మార్చుకుంటూ పోవాలి. ముందుగా పరీక్షించే స్క్రిప్టు దానితోనే వస్తుంది.

2023 నవంబరు 22న బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొనేశాక అప్‌గ్రేడ్ నిర్ణయంలోకి డబ్బు లెక్క బలంగా వచ్చింది. ఒకసారి కొని ఎప్పటికీ వాడుకునే లైసెన్సుల అమ్మకం ఆ డిసెంబరులోనే ఆగింది. ఇప్పుడంతా చందా పద్ధతి, ప్రాసెసర్ కోర్ల లెక్కన. 2025 జూన్‌లో వీస్పియర్ 9 వచ్చింది. దానికి 8 నుంచే దారి, 7 నుంచి నేరుగా లేదు. 8కి సాధారణ మద్దతు 2027 అక్టోబరు 11 దాకా ఉంది. బడ్జెట్ తక్కువైన కాలేజీలు, సహకార సంఘాలు, చిన్న ఆసుపత్రులు ఇప్పుడు ఆలోచించేది 7 నుంచి 8కి వెళ్లడమా, అసలు వేరే వేదికకు మారడమా అని. ప్రాక్స్‌మాక్స్ 2024లో ఈఎస్ఎక్స్ఐ మెషిన్లను నేరుగా దిగుమతి చేసుకునే సౌకర్యం ఇచ్చింది. దిగుమతికి ముందు మెషిన్‌ను ఆపాలి. విండోస్ మెషిన్లలో వర్టియో డ్రైవర్లను పాత వేదిక మీద ఉండగానే వేసుకోవాలి, లేదంటే కొత్త చోట వర్టియో డిస్కు కనిపించక బూట్ కాకపోవచ్చు. స్థిర ఐపీ పెట్టిన మెషిన్లలో నెట్‌వర్క్ కార్డు కొత్తదిగా కనిపిస్తుంది కాబట్టి చిరునామాలు ముందే రాసి పెట్టుకోవాలి. ఒక అప్రధానమైన మెషిన్‌ను మొదట తరలించి, దాని బ్యాకప్ కొత్త చోట పునరుద్ధరణ అవుతోందో లేదో చూసి, ఆ తర్వాతే ఫీజుల సర్వర్ లాంటి ముఖ్యమైనవాటి జోలికి వెళ్లాలి.